స్పీడ్ బ్రేకర్ కింద కరెంటు: ఆ శక్తి ఎవరిది?

ప్రశ్న: "రోడ్ల మీద రోజూ వేల బండ్లు తిరుగుతున్నాయి. వాటి బరువంతా వృథాగా పోతోంది. స్పీడ్ బ్రేకర్ కింద రాక్ అండ్ పినియన్ (పళ్ల కడ్డీ, అది కదిలితే తిరిగే పళ్ల చక్రం) పెట్టి డైనమో తిప్పితే కరెంటు వస్తుంది కదా? మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఇదే తీసుకున్నాం. ఇంత మంచి ఆలోచనని అన్ని రోడ్ల మీదా ఎందుకు పెట్టడం లేదు?"

కరెంటు వస్తుంది, అందులో సందేహం లేదు. నేను కూడా ఒకసారి ఇలాంటిది కట్టి దీపం వెలిగించాను. దాని సంగతి కింద చెప్తాను. ముందు మీ ప్రశ్నలోని ఒక మాట గురించి మాట్లాడాలి: "బరువంతా వృథాగా పోతోంది." బరువు శక్తి కాదు. బల్ల మీద పెట్టిన పుస్తకం ఏళ్ల తరబడి బల్లని నొక్కుతూనే ఉంటుంది, దాన్నుంచి ఒక్క జౌల్ (శక్తిని కొలిచే ప్రమాణం) కూడా రాదు. బరువు కిందికి దిగినప్పుడే పని జరుగుతుంది. దిగాలంటే ముందు ఎవరో దాన్ని పైకి ఎక్కించి ఉండాలి. రోడ్డు మీద ఆ ఎక్కించే పని ఇంజను చేస్తుంది.

మామూలు స్పీడ్ బ్రేకర్ దగ్గర ఏం జరుగుతుందో గమనించండి. బండి దాని మీదికి ఎక్కేటప్పుడు కొంత వేగం పోతుంది, అవతలికి దిగేటప్పుడు అందులో చాలావరకు తిరిగి వస్తుంది. కిందికి కుంగే స్పీడ్ బ్రేకర్ అయితే, బండి ఎక్కడానికి వేగం ఖర్చు పెడుతుంది కానీ దిగేటప్పుడు తిరిగి రావలసింది మన యంత్రానికి పోతుంది. అవతల డ్రైవర్ మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాలి. మన డైనమో తిరిగేది ఆ తొక్కుడుతోనే.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1500 కిలోల కారు, 10 సెంటీమీటర్లు కుంగే బంప్ అనుకుందాం. ముందు చక్రాలు ఎక్కినప్పుడు సగం బరువు దిగుతుంది, వెనక చక్రాలు ఎక్కినప్పుడు మిగతా సగం. రెండూ కలిపితే 1500 × 9.8 × 0.1, అంటే 1470 జౌల్స్. కరెంటు మీటరు కొలిచే ఒక యూనిట్, అంటే ఒక కిలోవాట్-అవర్, 36 లక్షల జౌల్స్. భాగించి చూస్తే ఒక్క యూనిట్ కోసం 2450 కార్లు దాటాలి. అదీ ఎక్కడా ఒక్క జౌల్ పోకపోతే. రాక్, పినియన్, చైను, ఫ్లైవీల్ (తిరుగుతూ శక్తిని దాచే బరువైన చక్రం), డైనమో, బ్యాటరీ ఇవన్నీ దాటి సగం చేతికొచ్చిందంటే మీరు చాలా బాగా కట్టినట్టే. అప్పుడు యూనిట్‌కి 4900 కార్లు. నిమిషానికి ఒక కారు చొప్పున రాత్రీ పగలూ ఆగకుండా నడిచినా రోజుకి 1440 కార్లు, అంటే యూనిట్‌లో మూడో వంతు కూడా రాదు. ఎండ బాగా తగిలే చోట 100 వాట్ల సోలార్ పలక ఒకటి పెడితే అంతకన్నా కాస్త ఎక్కువే ఇస్తుంది. ఆ పలక అర చదరపు మీటరు ఉంటుంది. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు.

ఈ అంకెలు చూశాక చాలామంది "సరే, తక్కువే వస్తుంది, కానీ వచ్చినంత వస్తుంది కదా" అంటారు. అందుకే కట్టడంలో ఉన్న అసలు ఇబ్బంది కూడా చెప్పాలి. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇది దాదాపు కనిపించదు.

గంటకి 10 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 30 సెంటీమీటర్ల పలకని పది సెకన్లలో కాదు, సెకనులో పదో వంతులో దాటేస్తుంది. ఆ పదో వంతులోనే ఒక యాక్సిల్ నుంచి 735 జౌల్స్ యంత్రంలోకి దిగాలి. అంటే ఆ క్షణానికి 7 కిలోవాట్లకి పైన. నిమిషానికి ఒక కారు లెక్కన సగటు చూస్తే మాత్రం 25 వాట్లు. ఏడు కిలోవాట్ల దెబ్బని తట్టుకునే గేర్లూ షాఫ్టూ వేసి, చివరికి 25 వాట్లు తీసుకుంటున్నాం. ఈ దెబ్బని సర్దడానికి ఫ్లైవీల్ పెడతారు. సైకిల్ వెనక చక్రంలో ఉండే ఫ్రీవీల్ లాంటిది పెడితే పలక పైకి లేచేటప్పుడు ఫ్లైవీల్ ఆగకుండా తిరుగుతుంది. ఆలోచన మంచిదే. కానీ ఫ్లైవీల్‌కి బేరింగుల ఘర్షణ ఉంటుంది, గాలి నిరోధం ఉంటుంది. అవి 10 వాట్లు తిన్నా చాలు, మీ 25 వాట్లలో 40 శాతం తర్వాతి కారు వచ్చేలోపే పోయినట్టు. బండ్లు దగ్గర దగ్గరగా వస్తే కొంత నయం. మరీ దగ్గరగా వస్తే పలక పైకి లేవడానికి టైం చాలదు, రెండో బండికి అది సగమే లేచి ఉంటుంది.

ఇంకో చిక్కు స్ప్రింగుది. బండి దాటాక పలక తిరిగి లేవాలంటే స్ప్రింగు కావాలి. కారుకి సరిపోయేలా గట్టి స్ప్రింగు పెడితే స్కూటరు ఎక్కినప్పుడు పలక కదలదు, స్కూటరువాడికి అది గట్టి దిమ్మ. స్కూటరుకి సరిపోయేలా మెత్తటిది పెడితే కారు ఎక్కగానే పలక ధడేల్మని అడుగుకి కొట్టుకుంటుంది. ఆ శక్తంతా చప్పుడుగా, వేడిగా పోతుంది, అడుగు బోల్టులు ఊడతాయి. లోడు లారీ సంగతి చెప్పనక్కర్లేదు. యాక్సిల్ మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి తగిలే దెబ్బ సుమారు 16 రెట్లు అవుతుందని 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో చేసిన పెద్ద రోడ్డు పరీక్షల నుంచి ఇంజనీర్లు లెక్క కట్టారు. పలకలూ, వాటి అంచులూ, కింద కాంక్రీటూ ఆ రోడ్డులో భాగమే కదా.

ఇప్పుడు నా అనుభవం. చాలా ఏళ్ల కిందట ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇలాంటి పలక కట్టాం. రాక్ అండ్ పినియన్, ఫ్రీవీల్, ఫ్లైవీల్, చిన్న డీసీ జనరేటర్, 12 వోల్టుల బ్యాటరీ. గేటు దగ్గర రాత్రంతా ఒక ఎల్ఈడీ దీపం వెలగాలన్నది మా లక్ష్యం. మొదటి వారాల్లో వెలిగింది, మాకు ఎంత సంతోషమో. తర్వాత వాన పడింది. గుంత నిండింది. నీళ్లు తోడేశాక కూడా అడుగున బురద మిగిలింది. ఆ బురదా గ్రీజూ కలిసి రాక్ పళ్లని ఆకురాయిలా అరగదీశాయి. బైకులవాళ్లు పలకని తప్పించుకుని అంచు నుంచి పోవడం మొదలుపెట్టారు. వాళ్ల తప్పేం లేదు, తడిసిన ఇనప పలక మీద రెండు చక్రాల బండి జారుతుంది. అంచున ఇరుకులో ఇద్దరు ఎదురుపడితే ఏమవుతుందోనని మాకు రోజూ టెన్షన్‌గా ఉండేది.

అన్నిటికన్నా పెద్ద తప్పు వేరే ఉంది, అది మేం చాలా ఆలస్యంగా గమనించాం. పలకని బండ్లు బయటికి వెళ్లే వైపు పెట్టాం. గేటు దగ్గర కాగితాలు చూపించడానికి ఆగిన లోడు లారీ అప్పుడే మొదటి గేరులో కదిలి, సరిగ్గా మా పలక మీదికి ఎక్కేది. ఇంజను బాగా కష్టపడే చోటు అది. లారీ పొగ వదులుతూ పలక ఎక్కుతుంటే మేం పక్కన నిలబడి మీటరు చూస్తున్నాం. మా దీపం డీజిల్‌తో వెలుగుతోందని ఒక డ్రైవరే మాతో అన్నాడు. చదువుకున్నవాళ్లం మాకు తట్టనిది ఆయనకి కాలితో తెలిసింది. తర్వాత పలకని లోపలికి వచ్చే వైపుకి మార్చాం. అక్కడ బండ్లు ఎలాగూ ఆగాలి. బ్రేకు వేడిగా మారి పోవాల్సిన శక్తిలో కొంచెం మాకొచ్చింది. వచ్చిన కరెంటు అంతే, కానీ ఈసారి అది ఎవరి ట్యాంకులోంచీ రాలేదు.

మీరు ఈ ప్రాజెక్టులో ఒకే ఒక్క ప్రశ్న పట్టుకోవాలంటే ఇది పట్టుకోండి: నేను తీసుకోకపోతే ఈ శక్తి ఎక్కడికి పోయేది? జవాబు "బ్రేకుల్లోకి" అయితే తీసుకోవచ్చు. "బండిని ముందుకి నడపడానికి" అయితే మనం తీసుకుంటున్నది పక్కవాడి పెట్రోలు.

ఇది మాటల్లో చెప్తే చాలామంది ఒప్పుకోరు, కాబట్టి సమతలంగా ఉన్న హైవేకి లెక్క వేస్తాను. మీటరుకొక పలక, ఒక్కోటి 5 మిల్లీమీటర్లే కుంగుతుంది, డ్రైవరుకి తెలియను కూడా తెలియదు అనుకుందాం. అదే 1500 కిలోల కారు ఒక్కో పలక దగ్గర 73.5 జౌల్స్ వదులుకుంటుంది. మీటరుకి 73.5 జౌల్స్ అంటే కారుని వెనక్కి లాగే 73.5 న్యూటన్ల అదనపు బలం. మంచి తారు రోడ్డు మీద ఇలాంటి కారుకి మామూలుగా ఉండే దొర్లుడు ఘర్షణ 176 న్యూటన్ల దాకా ఉంటుంది (బరువులో 1.2 శాతం అనుకుని). అంటే ఎవరికీ తెలియని ఆ 5 మిల్లీమీటర్లు దొర్లుడు ఘర్షణని 40 శాతం పెంచేశాయి. గాలి తక్కువైన టైర్లతో బండి తోలినట్టు ఉంటుంది.

ఇంజను పెట్రోలులోని శక్తిలో పాతిక శాతాన్ని చక్రాలకి చేరుస్తుందనుకుంటే, ఒక్కో కారు కిలోమీటరుకి దాదాపు 9 మిల్లీలీటర్లు ఎక్కువ తాగుతుంది. గంటకి 1000 కార్లు వెళ్తే 9 లీటర్లు. ఆ కిలోమీటరు రోడ్డు నుంచి, సగం చేతికొస్తుందని ఉదారంగా లెక్క కట్టినా, గంటకి వచ్చేది 10 యూనిట్లు. లీటరుకి 1.1 యూనిట్. చిన్న పెట్రోల్ జనరేటర్ కూడా లీటరుకి ఒకటిన్నర యూనిట్ దాకా ఇస్తుంది, మంచి డీజిల్ జనరేటర్ 3 యూనిట్లు ఇస్తుంది. కిలోమీటరు పొడవునా వెయ్యి పలకలు పాతి, వాటిని రోజూ బాగుచేసుకుంటూ, చివరికి రోడ్డు పక్కన ఒక జనరేటర్ పెట్టినదానికన్నా తక్కువ కరెంటు తీస్తున్నాం. డ్రైవర్లకి మాత్రం మైలేజీ ఎందుకు పడిపోయిందో ఎప్పటికీ తెలియదు. ఈ చివరిది నన్ను నిజంగా బాధపెడుతుంది. చెప్పకుండా ఒకరి జేబులోంచి తీసి "ఉచిత కరెంటు" అని పేరు పెట్టడం ఏ ఇంజనీరూ చేయకూడని పని.

పీజో గురించి కూడా మీరు తప్పకుండా అడుగుతారు. నొక్కితే విద్యుత్తు పుట్టే స్ఫటికాల సంగతిని 1880లో జాక్, పియరీ క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారు. గ్యాస్ లైటర్‌లో టక్‌మని నిప్పురవ్వ వచ్చేది దానివల్లే. వోల్టేజీ వేలల్లో ఉంటుంది కాబట్టి శక్తి కూడా ఎక్కువే అనుకుంటాం. పీజో సిరామిక్ చాలా గట్టిది, దాదాపు కుంగదు. దాని బలం అదే, బలహీనతా అదే. పని అంటే బలం ఇంటూ కదలిక, కదలిక లేకపోతే పని లేదు.

ఒక ఉదాహరణ చూడండి. ఒక చక్రం మీద 3700 న్యూటన్ల బరువుంది. టైరు రోడ్డుని తాకే మేరంతా పీజో పరిస్తే కదలిక లెక్కలోకి రాదు. అందుకని పైన గట్టి ప్లేటు పెట్టి, బరువంతా టైరు తాకే మేరలో వందో వంతు విస్తీర్ణం ఉన్న చిన్న పీజో స్తంభాల మీద పడేలా చేద్దాం. రెండు సెంటీమీటర్ల ఎత్తున్న ఆ స్తంభం 7 మైక్రాన్లు కుంగుతుంది. తలవెంట్రుక మందంలో పదో వంతు. బలాన్నీ కదలికనీ గుణించి సగం చేస్తే 13 మిల్లీజౌల్స్. నాలుగు చక్రాలకీ 52 మిల్లీజౌల్స్. స్పీడ్ బ్రేకర్ ఇచ్చిన 1470 జౌల్స్ పక్కన పెట్టి చూడండి, 28 వేల రెట్లు తక్కువ. పది సెంటీమీటర్లకొక వరుస చొప్పున కిలోమీటరంతా పాతి, గంటకి 1000 కార్లు పోనిస్తే 144 వాట్లు వస్తాయి. అందులో సగమే విద్యుత్తుగా మారుతుంది. లారీలు ఎక్కువుంటే కొంత పెరుగుతుంది.

మరి వార్తల్లో వచ్చిన అంకెలు? 2009లో ఇజ్రాయెల్‌కి చెందిన ఇన్నోవాటెక్ సంస్థ హైవే కింద పీజో పెట్టి పరీక్షించినప్పుడు కిలోమీటరుకి వందల కిలోవాట్ల మాట ప్రపంచమంతా పాకింది. అలాంటి ఏ అంకె కనిపించినా ఒక చిన్న పరీక్ష పెట్టండి. కారుకి దొర్లుడు ఘర్షణ వల్ల కిలోమీటరుకి పోయే మొత్తం శక్తి 176 కిలోజౌల్స్, అంటే 49 వాట్-అవర్లు. గంటకి 1000 కార్లయితే 49 కిలోవాట్లు. ఆ ఘర్షణనంతా ఏ మాయతోనో కరెంటుగా మార్చినా అంతకు మించి రాదు. పైగా ఆ నష్టంలో ఎక్కువ భాగం టైరు రబ్బరు నలిగి వేడెక్కడంలో పోతుంది, రోడ్డులోకి రాదు. రోడ్డు నుంచి అంతకంటే ఎక్కువ తీశామంటే ఇంజను చేత అంత అదనపు పని చేయించినట్టే.

అదే ఏడాది, అంటే 2009లోనే, ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో సెయిన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో కదిలే పలకలు పెట్టారు. గంటకి 30 యూనిట్లు వస్తాయని ఆశిస్తున్నట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. మన 10 సెంటీమీటర్ల బంప్ లెక్కతో, ఒక్క జౌల్ పోకపోయినా, 30 యూనిట్లకి గంటకి 73 వేల కార్లు కావాలి. వరుసగా పది పలకలు పెట్టినా 7300 కార్లు. పార్కింగ్ గేటులోంచి సెకనుకి రెండు కార్లు! నేను చెప్తున్నది వాళ్ల నిజాయితీ గురించి కాదు, ఏ వార్త చదివినా రెండు నిమిషాల్లో మీరే వేసుకోగలిగిన లెక్క గురించి.

పీజో వాదంలో ఇంకో లోపముంది, రోడ్లు వేసేవాళ్లని అడిగితే వెంటనే చెప్తారు. రోడ్డు ఎంత తక్కువ వంగితే అంత ఎక్కువ కాలం ఉంటుంది. బరువు యాక్సిల్ కింద తారు రోడ్డు ఎంత కుంగి లేస్తుందో కొలవడానికి బెంకెల్మన్ బీమ్ అనే పొడవాటి పరికరం ఉంది. ఆ కుంగుడు మిల్లీమీటరుకి లోపే ఉండాలని కంకర పొరలూ తారు పొరలూ మందంగా వేస్తారు. ఎక్కువ శక్తి కావాలంటే ఎక్కువ కుంగాలి, ఎక్కువ కుంగితే పగుళ్లు వస్తాయి, నీళ్లు దిగుతాయి, గుంతలు పడతాయి. మనం కోరుకునేది, రోడ్డు కోరుకునేది ఎదురెదురుగా ఉన్నాయి.

సరే, నిజంగా లాభముండే చోట్లు ఏవి? దిగుడు రోడ్డు. కారు 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే 14.7 లక్షల జౌల్స్ బయటపడతాయి, 0.4 యూనిట్. మన బంప్ ఇచ్చేదానికి వెయ్యి రెట్లు. అది మామూలుగా బ్రేకు డిస్కుల్లో వేడై పోతుంది. అయితే దాన్ని పట్టుకోవడానికి రోడ్డు తవ్వనక్కర్లేదు. ఎలక్ట్రిక్ బండిలో మోటారే జనరేటరుగా మారి బ్యాటరీలోకి తిరిగి ఎక్కిస్తుంది. సమతలం మీద కూడా అంతే. గంటకి 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగే కారులో 58 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. రీజెనరేటివ్ బ్రేకింగ్ అందులో సగం పైనే వెనక్కి తేగలదు. మన బంప్‌కి దొరికేది 0.4 వాట్-అవర్. కాబట్టి ఎలక్ట్రిక్ బండ్లు పెరిగేకొద్దీ "ఎలాగూ బ్రేకుల్లో పోయేదే కదా" అన్న మాట కూడా చెల్లదు. అప్పుడు గేటు ముందు మన పలక తీసుకునేది ఆ బండి తన బ్యాటరీలోకి దాచుకోవాల్సిన శక్తిని.

దిగుడు ఎంత గొప్ప వనరో చూపించే ఉదాహరణలు రెండు నాకు చాలా ఇష్టం. స్వీడన్‌లోని కిరునా గనుల నుంచి నార్వేలోని నార్విక్ రేవుకి ఇనప ఖనిజం మోసే రైళ్లు నిండుగా కిందికి దిగుతాయి, ఖాళీగా పైకి వెళ్తాయి. దిగేటప్పుడు బ్రేకు వేస్తూ తయారుచేసే కరెంటు ఖాళీ రైళ్లు పైకి వెళ్లడానికి సాయపడుతుంది. స్విట్జర్లాండ్‌లో ఒక సిమెంటు క్వారీలో ఎలక్ట్రిక్ డంపర్ ఉంది. ఖాళీ బరువు 45 టన్నులు, మోసే రాయి 65 టన్నులు, బ్యాటరీ 600 యూనిట్లది. ఖాళీగా పైకెక్కి నిండుగా దిగుతుంది కాబట్టి ఎక్కడానికి అయ్యే ఖర్చంతా, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ కూడా, దిగేటప్పుడే రాబట్టుకుంటుంది. ఇక్కడ మాయ లేదు, మోసం లేదు. కొండ మీదున్న రాయిలో ఆ శక్తి ముందే ఉంది, 65 టన్నులు 100 మీటర్లు దిగితే 17 యూనిట్లకి పైనే. బండి దాన్ని కిందికి తెచ్చే దారి మాత్రమే.

మిగతా ఆలోచనలు క్లుప్తంగా. డివైడర్ మీద నిలువు గాలిమరలు పెట్టడం: బండ్ల వల్ల లేచే గాలి సెకనుకి 4 మీటర్లు ఉంటే, చదరపు మీటరుకి అందులో ఉండే శక్తి 38 వాట్లు, మర పట్టుకునేది పది పన్నెండు. ఆ గాలి కూడా ఆగి ఆగి వస్తుంది. బండికి మరీ దగ్గరగా పెడితే ఇక్కడా మళ్లీ ఇంజను నుంచే తీసుకుంటాం. సోలార్ రోడ్డు: ఫ్రాన్స్‌లోని టూరూవ్ర్‌లో 2016 డిసెంబరులో కిలోమీటరు పొడవున, 2800 చదరపు మీటర్ల పలకలు పరిచారు. పడుకోబెట్టిన పలక మీద ఎండ సరైన కోణంలో పడదు, ఆకులూ దుమ్మూ కప్పేస్తాయి, ట్రాక్టర్లు పగలగొడతాయి, చప్పుడు ఎక్కువై వేగం 70కి తగ్గించాల్సి వచ్చింది. అనుకున్నంత కరెంటు రాలేదు. అవే పలకలు రోడ్డు పక్కన ఏటవాలుగా నిలబెట్టి ఉంటే ఈ బాధలేవీ ఉండేవి కావు. ఎండకి కాలే తారులోంచి వేడి తీయడం మాత్రం గట్టి ఆలోచనే. స్విట్జర్లాండ్‌లో డార్లిగెన్ దగ్గర ఒక వంతెన మీద 1994 నుంచి రోడ్డు కింద గొట్టాల్లో ద్రవం పారించి, వేసవి వేడిని రాతిలో దాచి, చలికాలంలో మంచు పేరుకోకుండా వాడారు. అది కరెంటు కాదు, వేడి. కానీ ఆ వేడి సూర్యుడిది, డ్రైవరుది కాదు.

ఇక మీ ప్రాజెక్టు. వదిలేయమని నేను చెప్పను, దిశ మార్చమంటాను. పీజో 13 మిల్లీజౌల్స్ ఊరి దీపాలకి పనికిరాదు కానీ, తక్కువ శక్తి రేడియోతో ఒక చిన్న సందేశం పంపడానికి మిల్లీజౌల్ లోపే చాలు. అంటే చక్రం తొక్కిన ప్రతిసారీ "ఒక యాక్సిల్ వెళ్లింది, బరువు ఇంత" అని చెప్పగలిగే, బ్యాటరీ మార్చనక్కర్లేని సెన్సార్ సాధ్యమే. కదులుతున్న బండి బరువు తూచడానికి రోడ్డులో పీజో పట్టీలు ఇప్పటికే వాడుతున్నారు. వంతెన కింద, మనిషి చేరలేని చోట, వైరు లాగలేని చోట ఇలాంటిదానికి విలువుంది. ఓవర్‌లోడు లారీని పట్టిస్తే అది కాపాడే రోడ్డు విలువ, అది ఇచ్చే కరెంటు విలువకన్నా ఎన్నో రెట్లు.

గైడు ఒప్పుకోక స్పీడ్ బ్రేకరే చేయాల్సి వస్తే కనీసం ఈ ప్రయోగం చేయండి. నేను చూసిన మోడళ్లలో ఎవరూ చేయలేదు. ఒక ట్రాలీ తీసుకోండి, బరువులు పెట్టండి. చిన్న ర్యాంపు మీద ఒకే ఎత్తు నుంచి వదిలి, సమతలం మీద ఎంత దూరం పోయి ఆగిందో కొలవండి. పలక లేకుండా పదిసార్లు, పలక పెట్టి పదిసార్లు. ట్రాలీ దొర్లుడు ఘర్షణని స్ప్రింగు త్రాసుతో నెమ్మదిగా లాగి కొలిచి, రెండు దూరాల తేడాతో గుణిస్తే ట్రాలీ పోగొట్టుకున్న శక్తి తెలుస్తుంది. డైనమో నుంచి వచ్చినదాన్ని బల్బుతో చూపించకండి, బల్బు ఒక్క మెరుపు మెరిసినా అందరూ చప్పట్లు కొడతారు. ఒక కెపాసిటర్‌లోకి ఎక్కించి, వోల్టేజీ కొలిచి, కెపాసిటెన్సుని వోల్టేజీ వర్గంతో గుణించి సగం చేయండి. అది మీరు రాబట్టిన శక్తి. పోయినది ఎంత, వచ్చినది ఎంత, ఈ రెండు అంకెల్నీ రిపోర్టు మొదటి పేజీలోనే పక్కపక్కన రాయండి. తర్వాత పలకని ర్యాంపు వాలు మీదికి మార్చి, ట్రాలీని అడుగున గోడకి తగిలి ఆగేలా పెట్టి మళ్లీ కొలవండి. ఈసారి ట్రాలీకి పోయేదేమీ ఉండదు, ఎలాగూ గోడకే తగలాలి కాబట్టి. ఈ రెండు ఏర్పాట్ల మధ్య తేడా ఏమిటని వైవాలో అడిగితే, బోర్డు మీద ఒక్క బొమ్మ గీసి చెప్పగలుగుతారు.